బండి కొనేముందు కాగితం చదవండి



ఈ రోజు ఒక బండి గురించి చెప్పుకుందాం. ఎద్దుల బండి కాదు. సరుకులు వేసే చిన్న ట్రక్కు. మన పల్నాడులో దాన్ని ఎవరూ ట్రక్కు అనరు. టాటా ఏస్ అంటారు. హిందీ వాళ్ళు ఛోటా హాథీ అంటారు. అంటే చిన్న ఏనుగు. పేరు బాగుంది కదా! టాటా కంపెనీ ఈ బండిని 2005 మే నెలలో మొదటిసారి అమ్మకానికి పెట్టింది. తర్వాత ఇంకా కంపెనీలు వచ్చాయి. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. మహీంద్రా వాళ్ళ బొలెరో పికప్ కూడా ఊరూరా తిరుగుతోంది.

మాచర్లలో నాపరాళ్ళు మోసేది ఈ బండే. పిడుగురాళ్ళలో సున్నం మోసేది ఈ బండే. పొలం నుంచి మిరప టిక్కీలు గుంటూరు యార్డుకు చేర్చేదీ ఇదే. పెళ్ళివారి సామాను, షామియానా కుర్చీలు, నరసరావుపేట కూరగాయలు అన్నీ దీని మీదే.

కొత్త బండికి చాలా లక్షలు కావాలి. అందుకని చాలామంది పాత బండి కొంటారు. పాత బండి కొనడం తప్పు కాదు. చూడకుండా కొనడమే తప్పు. ఏం చూడాలి? అది చెప్పటానికే ఈ మాటలు.

ఒక అక్క ఉందనుకుందాం. దుర్గి వైపు ఊరు అనుకోండి. ఆమె భర్త డ్రైవరు. పదేళ్ళుగా వేరేవాళ్ళ బండి తోలుతున్నాడు. మిరప కోతల కాలంలో రాత్రీ పగలూ తీరిక ఉండదు. కిరాయి యజమానికి పోతుంది. ఇతనికి కూలి మిగులుతుంది. సొంత బండి ఉంటే బాగుండునని ఇద్దరూ అనుకున్నారు.

డబ్బు లెక్క చూసుకున్నారు. డ్వాక్రా సంఘంలో ఆమె వాటాకు వచ్చిన అప్పు 1,00,000 రూపాయలు. ఇంట్లో దాచినది 40,000. ఇంకో 50,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. నెలకు 1,000 రూపాయలు. ఏడాదికి 12,000. ఆమె ఈ లెక్క నోటుబుక్కులో వేసుకుంది. మొత్తం 1,90,000. ఇంతకు మించి రూపాయి లేదు.

ఒక రోజు ఇద్దరూ నరసరావుపేట వెళ్ళారు. బ్రోకరు మొదటి బండి చూపించాడు. కొత్త రంగు వేశారు. అద్దాలకు పూలదండ కట్టారు. భర్తకు బాగా నచ్చింది. ఇంజను మీద ఆమె చెయ్యి పెట్టింది. వేడిగా ఉంది.

"ఏందన్నా, బండి ఇప్పుడే తిరిగొచ్చిందా?" అంది.

"లేదమ్మా, నువ్వొస్తున్నావని వేడి చేసి ఉంచా" అన్నాడు బ్రోకరు నవ్వుతూ.

ఇక్కడ ఒక సంగతి. పాత ఇంజను జబ్బు చల్లగా ఉన్నప్పుడు తెలుస్తుంది. పొద్దున్నే, ఎవరూ స్టార్ట్ చెయ్యకముందు చూడాలి. వెంటనే అందుకుంటుందా? పొగ ఏ రంగు? నీలి పొగ వస్తే ఇంజనులో ఆయిలు కాలిపోతోందన్నమాట. రింగులు అరిగి ఉంటాయి. నల్ల పొగ ఆగకుండా వస్తే డీజిలు సరిగా కాలటం లేదు. తెల్ల పొగ పొద్దున చలికి కొంచెం వస్తుంది, పోతుంది. అది పోకుండా వస్తూనే ఉంటే లోపలికి నీళ్ళు చేరుతున్నాయేమో చూడాలి. ఇవన్నీ పెద్ద ఖర్చులే. తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్తే 500 అడుగుతాడు. ఆ 500 దండగ కాదు.

బండి కిందికి కూడా వంగి చూడాలి. చీర మాసిపోతుందని ఆగకండి. వెనక కమాను పట్టీలు చదునుగా వాలిపోయాయా? ఒకటి విరిగిందా? ఛాసిస్ ఇనుముకు వెల్డింగ్ అతుకులు ఉన్నాయా? ఉంటే ఆ బండి చాలా బరువు మోసి అలిసిపోయిందని అర్థం. మాచర్ల వైపు బండ్లకు ఇది తప్పదు. ఎందుకో లెక్క చూడండి. మొదటి టాటా ఏస్ మోయవలసిన బరువు 750 కిలోలు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న నాపరాయి ఒక్కటి దాదాపు 30 కిలోలు తూగుతుంది. అంటే 25 రాళ్ళు వేస్తే బండి నిండినట్టే. కానీ 25 రాళ్ళు పేర్చినా తొట్టి నిండినట్టు కనిపించదు. యజమాని ఊరుకుంటాడా? యాభై వేస్తాడు. డెబ్భై వేస్తాడు. ఛాసిస్ వంగుతుంది.

సరే, మళ్ళీ అక్క దగ్గరికి వద్దాం. ఆమె బండి కాగితం అడిగింది. దాన్ని ఆర్సీ అంటారు. బ్రోకరు ముఖం మారింది.

"కాగితాలదేముందమ్మా, ముందు బయానా ఇయ్యి. పది వేలు చాలు. కాగితాలు ఎల్లుండి వస్తయ్."

"కాగితం చూడకుండా బయానా ఎట్టా ఇస్తానన్నా?"

ఆర్సీ అనేది బండికి పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. బండి ఎవరి ఇంటి ముందు ఉందో వాళ్ళది కాదు. తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్ళదీ కాదు. సర్కారు లెక్కలో ఆర్సీలో ఎవరి పేరు ఉంటే వాళ్ళదే. ఆర్సీ ఇంగ్లీషులో ఉంటుంది. అందుకని భయపడవద్దు. అందులో ముఖ్యమైనవి చాలావరకు అంకెలే. అంకెలు మీకు వచ్చు.

అందులో ఛాసిస్ నంబరు ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి 17. అదే నంబరు బండి ఇనుము మీద కూడా కొట్టి ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. ఒక్కటి తేడా ఉన్నా ఆ బండి వద్దు. అది దొంగ బండి కావచ్చు. రెండు బండ్ల ముక్కలు అతికినది కావచ్చు. అక్క ఒక తెల్ల కాగితం ఇనుము మీద పెట్టింది. పెన్సిలుతో రుద్దింది. పిల్లలు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దుతారు చూడండి, అట్లాగే. నంబరు అచ్చు పడింది. బ్రోకరు చివరికి ఇచ్చిన ఆర్సీ పక్కన పెట్టుకుని, ఒక్కో దాని మీద వేలు పెట్టి సరిచూసింది. బాగా చదువుకున్నవాళ్ళు గబగబా చూసి సరేనంటారు. వేలు పెట్టి చదివే అలవాటున్న వాళ్ళే ఈ పని బాగా చేస్తారు.

17 సరిపోయాయి. కానీ ఆర్సీలో ఇంకో వరుస ఉంది. అక్కడ ఒక ఫైనాన్స్ కంపెనీ పేరుంది. అంటే బండి మీద అప్పు ఉంది.

"ఆ అప్పు ఎప్పుడో తీరిపోయిందమ్మా" అన్నాడు బ్రోకరు.

"తీరితే ఫైనాన్స్ వాళ్ళు కాగితం ఇస్తారు కదన్నా. అది చూపించు."

కాగితం లేదు. వాళ్ళిద్దరూ బయానా ఇవ్వకుండా వచ్చేశారు. భర్తకు బస్సులో కోపం. దాచేపల్లి దాకా మాట్లాడలేదు. కానీ ఆమె చేసింది సరైన పని. అప్పు తీరకపోతే ఫైనాన్స్ వాళ్ళు బండి కోసం వస్తారు. ఎవరు కొన్నారని అడగరు. తీసుకుపోతారు. అప్పు తీరినట్టు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే కాగితం, దానితో పాటు 35వ నంబరు ఫారం ఉండాలి. అప్పుడే ఆ వరుస ఆర్సీ నుంచి పోతుంది.

రెండో బండి కృష్ణ అవతల, మిర్యాలగూడ నుంచి వచ్చింది. ధర తక్కువ. నంబరు తెలంగాణది. వాడపల్లి వంతెన దాటితే ఇటు మనదే కదా అనుకుంటాం. కాగితానికి అలా కాదు. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించి పన్ను కట్టాలి. ఆ ఖర్చు కలిపితే తక్కువ ధర తక్కువ కాదు. వద్దనుకున్నారు.

మూడో బండి గురజాలలో దొరికింది. రంగు వెలిసిపోయింది. తొట్టి తలుపు సొట్ట పడింది. కానీ పొద్దున ఆరింటికి చూస్తే వెంటనే స్టార్ట్ అయింది. పొగ మామూలుగా ఉంది. ఆర్సీలో అప్పు లేదు. బండికి తొమ్మిదేళ్ళు. అమ్మే ఆయన 1,75,000 అన్నాడు. 1,62,000కి తెగింది.

వయసు ఎందుకు చూడాలి? సరుకు బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకొకసారి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ. 15 ఏళ్ళు దాటితే 2022 ఏప్రిల్ నుంచి ఫీజు బాగా పెంచారు. చౌకగా వచ్చిందని మరీ ముసలి బండి కొంటే ఫీజులే తినేస్తాయి. ఫిట్‌నెస్, బీమా ఏ తేదీ దాకా ఉన్నాయో ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌లో బండి నంబరు కొడితే కనిపిస్తుంది. ఇంట్లో పిల్లల ఫోనులో చూడండి.

ఇక అసలు సంగతి. బండి ఎవరి పేరున రాయించాలి?

"నా పేరున రాయిద్దాం. తోలేది నేనేగా" అన్నాడు భర్త.

"అప్పు ఎవరి పేరున ఉందయ్యా?" అంది ఆమె.

అతను మాట్లాడలేదు.

"సంఘంలో నెలనెలా సంతకం పెట్టేది నేను. కట్టకపోతే అందరూ అడిగేది నన్ను. అప్పు నాది, బండి నీదీ అంటే ఎట్టా?"

నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన సీమ ఇది. అయినా ఆడవాళ్ళ పేరున బండి అంటే నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. యజమానికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలని చట్టం అడగదు. తోలేవాడికి ఉండాలి. చిన్న బండ్ల లైసెన్సు చాలు. 7,500 కిలోల లోపు సరుకు బండికి వేరే లైసెన్సు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మళ్ళీ చెప్పింది.

కొంతమంది పేరు మార్పించరు. ఖర్చు, తిరుగుడు అని వదిలేస్తారు. అమ్మినవాడు ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇస్తాడు. అవి బీరువాలో పడి ఉంటాయి. ఇది ఇద్దరికీ ముప్పే. ఒక కేసులో కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది. ఆర్సీలో మొదటి యజమాని పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగింది. నష్టపరిహారం ఆ మొదటి యజమానే కట్టాలని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఎప్పుడో అమ్మేసిన బండికి! కొన్నవాళ్ళ కష్టం వేరే. ఆర్సీలో పేరు లేకపోతే బండి పోయినా, కాలినా బీమా డబ్బు అడగటం కష్టం.

అందుకని 29వ నంబరు ఫారం, 30వ నంబరు ఫారం రాయాలి. 29 అమ్మేవాళ్ళది. 30 మీద ఇద్దరూ సంతకం చెయ్యాలి. రాష్ట్రం లోపలైతే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి. బీమా కంపెనీకి కూడా 14 రోజుల్లో చెప్పి అక్కడా పేరు మార్పించుకోవాలి.

బీమా అన్నాం కాబట్టి ఒక మాట. మిరప కోతలకు ఆడవాళ్ళను ఈ తొట్టిలో నిలబెట్టి తీసుకెళ్తారు. ఇరవై మంది, పాతిక మంది. ఇది సరుకు బండి. ఇందులో మనుషుల్ని ఎక్కించటం తప్పు. జరగరానిది జరిగితే బీమా కంపెనీ మాకు సంబంధం లేదంటుంది. అప్పుడు బండి యజమాని ఇల్లు అమ్ముకున్నా చాలదు. పోయిన ప్రాణం ఎట్లాగూ రాదు. అక్క ఈ సంగతి భర్తకు మొదటి రోజే చెప్పింది. కూలీల కిరాయి వద్దంది. అతను గొణిగాడు. ఆ కిరాయి మంచి డబ్బే మరి.

కొన్నాళ్ళకు కొత్త ఆర్సీ వచ్చింది. పేరు ఇంగ్లీషులో ఉంది. ఆమె ఆధార్ కార్డు పక్కన పెట్టుకుంది. అక్షరం అక్షరం సరిచూసింది. ఒక్క తేడా కూడా లేదు. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, సంఘం పుస్తకాల మధ్య దాచింది. జిరాక్సు భర్తకు ఇచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున బండి కల్లానికి పోయింది. టిక్కీ 40 కిలోలు. 18 టిక్కీలు ఎక్కించారు. 720 కిలోలు. రైతు ఇంకో పది వేసుకోమన్నాడు. "మా ఇంటామె లెక్క రాసి పంపిందయ్యా" అన్నాడు డ్రైవరు. తాడు బిగించి గుంటూరు దారి పట్టాడు.