పరదేశ విద్యార్థి

ఎం.ఏ. పూర్తిచేసి, అమరావతి శిల్పాలపై పరిశోధన కొరకు లండను పోనున్న నెల్లిమర్ల యువకు డొకడు ఇటీవల సెలవు తీసుకొనడానికి మా ఇంటికి వచ్చినాడు. ఆ శిల్పాలలో పెక్కింటిని 1859లో ఓడ కెక్కించి ఇంగ్లండు చేర్చినారు. నేడవి బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. కృష్ణాతీరపు రాళ్ళను చూడడానికి థేమ్సు తీరానికి పోవలసి రావడం అతనికి కొంత బాధ, కొంత ఉత్సాహమూను. మాటల సందర్భంలో, "రామతీర్థంలో గురుభక్తులకొండ ఎక్కినావా?" అని అడిగినాము. "స్వామి దర్శనానికి ఏటా వెళ్తూనే ఉంటాం మాస్టారూ, ఆ కొండ మాత్రం ఎక్కలేదండీ" అన్నాడు.

అప్పుడు మాకు హ్యుయాన్‌త్సాంగ్ జ్ఞప్తికి వచ్చినాడు.

పాఠ్యపుస్తకాలు ఆయనను యాత్రికు డంటవి. మే మాయనను విద్యార్థి అనడానికే ఇష్టపడతాము. చైనాలో లభించిన బౌద్ధగ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగలేదు; మూలం చూడనిదే సందేహం తీరదు. దేశం దాటరాదని రాజాజ్ఞ ఉన్నప్పటికీ సుమారు 629లో రహస్యంగా బయలుదేరినాడు. నలందలో శీలభద్రుని వద్ద ఏండ్ల తరబడి చదివినాడు. అంతటితో తృప్తి చెందక దక్షిణానికి నడిచినాడు.

ఆ దారిలో తగిలినది కళింగదేశం. అక్కడ అడవులు విస్తారమనీ, అక్కడి నల్లని ఏనుగులను ఇరుగుపొరుగు రాజ్యాలవారు మిక్కిలిగా మెచ్చుకొంటారనీ, జనుల స్వభావం దుడుకనీ వ్రాసినాడు. దుడుకు సంగతిలో మేము ఆయనతో వాదానికి దిగము. బౌద్ధవిహారాలు పది, భిక్షువులు ఐదువందలమంది అన్నాడు. ఇతర మతాలవారిలో నిర్గ్రంథులు, అనగా జైనులు, హెచ్చు అన్నాడు. ఆయన చూచిన కళింగ రాజధాని ఏదో పండితుల కింకా ఏకాభిప్రాయం లేదు. ఆయన మన చంపావతి ఒడ్డున నడిచినాడనడానికి ఆధారమూ లేదు. అయినను రామతీర్థానికి పోయి చూడండి. గురుభక్తులకొండమీద బౌద్ధ చైత్యాల, విహారాల శిథిలాలు ఉన్నవి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో అలెగ్జాండర్ రీ వాటిని త్రవ్వించినాడు. దాపుననే దుర్గకొండ వద్ద జైన తీర్థంకరుల విగ్రహాలున్నవి. పదునొకండవ శతాబ్ది ఆరంభంలో, తూర్పు చాళుక్యుడైన విమలాదిత్యుని కాలంలో, త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ రామకొండకు మ్రొక్కినాడని అక్కడి కన్నడ శాసనం చెప్పుచున్నది. పరదేశి వ్రాసిన రెండు మాటలకు రెండు కొండలు నిలిచి ఉన్నవి.

ఆంధ్రదేశంలో భాష మధ్యదేశపు భాషకు భిన్నమనీ, లిపి మాత్రం ఇంచుమించు ఒకటేననీ గుర్తించిన చెవి, కన్ను ఆయనవి. సుమారు 639లో ధాన్యకటకం చేరినాడు. మన యువకుడు లండనులో చూడబోయే అమరావతి అదే. అప్పటికే విహారాలు చాలవరకు పాడుపడి, ఇరువది మాత్రమే మిగిలినవి. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మం చదివినాడు. బదులుగా తాను నేర్చిన మహాయాన శాస్త్రాలను వారికి చెప్పినాడు. పిమ్మట ముగ్గురూ కలిసి పుణ్యక్షేత్రాలు చూడబోయినారు. శిష్యు డెవరో గురు వెవరో తెలియని ఆ కొద్దినెలలు ఆయన జీవితకథ అంతటిలో మాకు ప్రియమైన భాగం.

తిరుగు ప్రయాణంలో సింధునది దాటుచుండగా కొన్ని వ్రాతప్రతులు నీటిపాలైనవి. పోయినవాటి ప్రతులకై మరల మనుష్యులను పంపినాడు. 645లో 657 గ్రంథాలను ఇరువది గుర్రాలపై వేసుకొని స్వదేశం చేరి, 664లో కన్నుమూసే వరకు అనువాదం చేయుచునే ఉన్నాడు. వాటిలో కొన్నింటి సంస్కృతమూలాలు మనదేశంలో నశించినవి. నేడు చైనా భాషలోనే దొరకుచున్నవి.

ఇదంతా ఆ యువకునికి చెప్పినాము. అతడు అడ్డు చెప్పలేదు, ఔననీ అనలేదు. మూడవనాడు సాయంకాలం మరల వచ్చినాడు. కాళ్ళనిండా ముళ్ళగీతలు, చేతిలో బడిపిల్లల నోటుపుస్తకం. గురుభక్తులకొండమీది ఇటుకల పొడవు, వెడల్పు, మందం కొలిచి, గోడల రూపు గీసుకొన్నాడు. "ఇంకా సగమే అయిందండీ. ప్రయాణానికి వారం ఉంది మాస్టారూ, రేపు మళ్ళీ వెళ్తాను" అని, మంచినీళ్ళు అడిగి త్రాగినాడు.