బిడ్డకు రావలసిన రెండు బాకీలు
(స్మారకోపన్యాసము)



ఎవరి పేర ఈ ఉపన్యాసము నెలకొల్పబడినదో ఆ న్యాయవాదిగారి కడ నేను జూనియరుగా నున్న దినములలో, బిడ్డ కస్టడీకై పిటీషను వేయింపవలెనని వచ్చినవారు తల్లియైనను సరే, తండ్రియైనను సరే, కాగితముల కట్ట విప్పకమునుపే ఆయన మెల్లగా, "పాప ఏ తరగతి? టీచరు పేరేమిటి?" అని యడిగెడివారు. తడుముకొన్నవారిని నిందించెడివారు కారు. ముందు అది తెలిసికొని రండని పంపెడివారు. నేడు నేను చెప్పదలచినదంతయు ఆ ప్రశ్నలోనిదే.

భార్యాభర్తల బంధము విడాకుల డిక్రీతో ముగియును గాని, బిడ్డకు వారు తల్లియు తండ్రియునై యుండుట ముగియదు. అందువలన బిడ్డకు రావలసిన బాకీలు రెండు: ఇరువురి సాన్నిధ్యమును, ఇరువురి సంపాదనలో పోషణభాగమును. మన ఫ్యామిలీ కోర్టులలో వాయిదాలమీద వాయిదాలుగా సాగు పోరాటములలో పెక్కింటికి మూలము, ఈ రెండు బాకీలను పెద్దలు తమలో తాము మారకపు సరకులుగా చేసికొనుటయే. "మనోవర్తి కట్టనివారికి బిడ్డనెందుకు చూపవలె?" అని యొకరు, "బిడ్డనే చూపనప్పుడు డబ్బెందుకు కట్టవలె?" అని మరియొకరు. ఏ కోపమును నిష్కారణము కాదు. బడి ఫీజు గడువు దాటిపోగా పుట్టింటివారి ముందు చేయి చాచిన తల్లిని చూచితిని. ఆదివారము రెండు గంటలసేపు కొడుకును చూచుటకై రాత్రి బస్సెక్కి వచ్చి, తాళము వేసిన తలుపు చూచి మరలిన తండ్రిని చూచితిని. అయినను బాకీ బిడ్డది. దానిని మాఫీ చేయుటకు గాని, జప్తు చేయుటకు గాని వారిలో నెవరికిని అధికారము లేదు.

చట్టము ఈ మాటను సమీపించుటకు చాలకాలము పట్టినది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టము తండ్రిని సహజ సంరక్షకునిగా నిలిపి, ఆయన "తరువాత" తల్లియని వ్రాసినది. ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి కడ నుండవలెననియు, బిడ్డ క్షేమమే అన్నిటికంటె ముఖ్యమనియు చెప్పినదియు ఆ చట్టమే. రచయిత్రి గీతా హరిహరన్ తన కుమారుని పేర రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు చేయగా తండ్రి సంతకము కావలసివచ్చెను. ఆమె పోరాటము ఫలముగా 1999లో సుప్రీంకోర్టు, "తరువాత" అనగా తండ్రి మరణించిన పిదప మాత్రమే కాదనియు, ఆయన బిడ్డను పట్టించుకొననప్పుడు సైతమనియు అర్థము చెప్పినది. తీర్పు గొప్పదే, కాని ఆ మాట యింకను చట్టములో నున్నదను బాధ నన్ను వదలలేదు.

పోషణ సంగతి యింతకంటె దైన్యము. 1973 క్రిమినల్ ప్రొసీజరు కోడు క్రింద ఇప్పించు మనోవర్తి నెలకు 500 రూపాయలకు మించరాదను పరిమితి 2001 వరకు తొలగలేదు. 2000లో సుప్రీంకోర్టు ఒక కేసున, తల్లియు సంపాదించుచున్నప్పుడు బిడ్డల ఖర్చు ఇరువురిదియునని తేల్చి, తండ్రికి రెండు పాళ్లు, తల్లికి ఒక పాలుగా పంచినది. జీతము తగ్గించి చూపుట, లేని అప్పులు చూపుట మనమెరుగనివి కావు. అందుకే 2020 నవంబరునాటి సుప్రీంకోర్టు తీర్పు ఇరుపక్షములును ఆస్తులను, అప్పులను అఫిడవిట్టులో తెలుపవలెననియు, మనోవర్తిని దరఖాస్తు తేదీనుండియే లెక్కింపవలెననియు శాసించినది. కేసు నాలుగేండ్లు సాగినను బిడ్డ ఆకలి నాలుగేండ్లు ఆగదు గదా!

ఉమ్మడి కస్టడీని చట్టములో చేర్చవలెనని 2015లో లా కమిషను తన 257వ నివేదికలో సూచించినది. నేను దానికి అనుకూలుడను. అయితే ఉమ్మడి యనగా దినములను సగము సగము కోయుట కాదు. రెండిండ్లును ఒకే బడికి దగ్గరనున్నచో బిడ్డ అటునిటు తిరుగవచ్చును. ఒకరు గుంటూరునను, మరియొకరు డల్లాసునను ఉన్న మన తెలుగు కుటుంబములలో ఆ లెక్క చెల్లదు. బిడ్డలను దేశము దాటించుటను గూర్చిన 1980 హేగ్ ఒప్పందమున మన దేశము చేరనందున, అట్టి కుటుంబములలో పాస్‌పోర్టు ఎవరి కడ నుండవలెనన్నదే వ్యాజ్యమగుచున్నది. అచట వీడియో కాల్ వేళనైనను, వేసవి సెలవులనైనను కాగితముపై స్పష్టముగా వ్రాసికొనుట మేలు. డిక్రీలో "తగిన వేళల చూపవలెను" అని వ్రాసి విడిచిన చోటెల్ల మరల తగవు పుట్టుట నేనెరుగుదును. సంక్రాంతి ఎవరింట, జ్వరము వచ్చిన రాత్రి ఎవరికి ఫోను చేయవలెను, పుస్తకముల ఖర్చు ఎవరిది, ఇవన్నియు అందులో నుండవలెను.

ఒకనాడు "పాప ఏ తరగతి?" అను ఆ ప్రశ్నకు ఒక తండ్రి తడుముకొనకయే, "మూడో తరగతండి" అనెను. రాజీ మాటలకని వచ్చి ఎదుట కూర్చున్న తల్లి తల వంచుకొని, "జూనులో నాలుగులోకి వచ్చిందండి" అనెను. చాలసేపటివరకు ఎవరును మాటలాడలేదు. మా గురువుగారు ఫైలు కట్టి ప్రక్కన పెట్టి, వారిరువురిని బల్లకు దగ్గరగా జరుగుడని చెప్పి, ఆ బడి సెలవుల పట్టిక తెమ్మని నన్ను పంపిరి.