నీళ్ళు ఎటు పోతాయి?



మాగాయ పెట్టే రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. మామిడికాయ చెక్కు తీస్తారు. ముక్కలు తరుగుతారు. ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడతారు. చుక్క నీళ్ళు కూడా పొయ్యరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ముక్క మెత్తబడి, ముడుచుకుని ఉంటుంది. ఆ నీళ్ళు ఎక్కడివి?

ఇంకొకటి చూడండి. ఎండుద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే కాసేపటికి ఉబ్బుతుంది. ఎందుకని?

ఇదంతా కణాల పని. ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కడతారు కదా! అలాగే మామిడికాయ, చేప, మనిషి, ప్రాణమున్న ప్రతిదీ కణాలతో కట్టి ఉంటుంది. కణం చాలా చిన్నది. మామూలు కంటికి ఆనదు. దాని చుట్టూ సన్నని పొర ఉంటుంది. ఆ పొర గుండా నీళ్ళు అటూ ఇటూ పోగలవు. ఉప్పు అంత సులువుగా దూరలేదు. అందుకని పొరకు ఏ పక్క ఉప్పు ఎక్కువుంటే ఆ పక్కకే నీళ్ళు పోతాయి. చక్కెర ఎక్కువున్నా అంతే. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ద్రవాభిసరణం అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నది.

మామిడి ముక్క బయట ఉప్పు ఎక్కువ. నీళ్ళు బయటికొచ్చాయి. ఎండుద్రాక్ష లోపల చక్కెర ఎక్కువ. నీళ్ళు లోపలికి పోయాయి. పచ్చట్లో పడ్డ సూక్ష్మజీవుల నీటిని కూడా ఉప్పు లాగేస్తుంది. అందుకే పచ్చడి ఏడాది నిలవుంటుంది.

చెరువు చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, చెరువులో తక్కువ. నీళ్ళు దాని ఒంట్లోకి వస్తూనే ఉంటాయి. అది నీళ్ళు తాగడం తక్కువ, పలచని మూత్రం పోసేది ఎక్కువ. సముద్రపు చేపది తిరగబడ్డ కథ. దాని ఒంట్లో నీళ్ళు బయటికి పోతుంటాయి. అది సముద్రపు నీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి తోసేస్తుంది.

మనిషికి మొప్పలు లేవు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ లీటరులో 9 గ్రాములే. రక్త కణాలకు సరిపోయే కొలత అది. ఉత్త నీళ్ళు రక్తంలోకి ఎక్కిస్తే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. ఉప్పు మరీ ఎక్కువైతే ముడుచుకుపోతాయి. కొలతలోనే ప్రాణం ఉంది.

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం. ఒక బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. ఆసుపత్రిలో ఓఆర్ఎస్ పాకెట్ ఇచ్చారు. తల్లికి చదువు రాదు. చిక్కగా ఉంటే బలం అనుకుంది. లీటరు నీటిలో కలపాల్సిన పాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపింది. అప్పుడేమవుతుంది? పేగులో ఉప్పు, చక్కెర ఎక్కువై, ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతాయి. విరేచనాలు పెరుగుతాయి. రక్తంలో ఉప్పు పెరిగితే మెదడు కణాల నీళ్ళు కూడా బయటికి పోతాయి. బిడ్డకు ఫిట్స్ రావచ్చు. ప్రేమతో చేసిన పనే, కాని కొలత తప్పింది.

సరిగ్గా కలిపితే అదే పాకెట్ ప్రాణం నిలుపుతుంది. చక్కెర, ఉప్పు చేయీ చేయీ పట్టుకుని పేగు కణాల్లోకి పోతాయి. వాటి వెంట నీళ్ళూ పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో శరణార్థులకు కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట, చావులు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి. 2023లో ప్రభుత్వం ఆయనకు, మరణానంతరం, పద్మవిభూషణ్ ఇచ్చింది.

పాకెట్లు అన్నీ ఒకటి కావు. కొన్ని లీటరు నీటికి, కొన్ని ఒక గ్లాసు నీటికి. దాని మీద రాసి ఉంటుంది. చదివి కలపండి. పాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో టీ చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంచుకు సమంగా కొలవండి. రుచి చూడండి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. కలిపిన నీళ్ళు ఒక్క రోజే వాడండి. తల్లిపాలు మానొద్దు. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

నిన్నటిదాకా పాకెట్ మీది అక్షరాలు చీమల బారులా కనబడ్డాయి. ఇవాళ అవి మాట్లాడుతున్నాయి. పక్కింటి తల్లికి ఇంకా చదువు రాకపోతే, ఆమె చేతిలోని పాకెట్ మీరు చదివి చెప్పండి.