ల్యాబు బల్ల ముందు కూర్చునే ముందు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో మెడికల్ ల్యాబ్ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈసారి ఉపకార వేతనం అందుకుంటున్నవారిలో డి.ఎం.ఎల్.టి., బి.ఎస్సి. ఎం.ఎల్.టి. చదువుతున్నవారు చాలామందే ఉన్నారు. రక్తం, మూత్రం ఎలా పరీక్షించాలో మీకు కళాశాలలో నేర్పుతారు. పరీక్షించే మనిషి ఒంటి సంగతి నేను చెబుతాను.

మైక్రోస్కోపు ముందు కొత్తవారు మెడ వంచి కంటిని ఐపీసు దగ్గరకు తీసుకువెళతారు. ఐపీసే కంటి ఎత్తుకు రావాలి. స్టూలు సరిచేయండి. స్టూలు కదలనిదైతే మైక్రోస్కోపు కింద గట్టి పలక వేయండి. పాదాలు గాలిలో వేలాడకూడదు, మోచేతులకు ఆనిక ఉండాలి.

పిపెట్‌తో బొటనవేలికి పని ఎక్కువ. రోజూ వందలసార్లు నొక్కితే మణికట్టు పక్కన నొప్పి, వాపు రావచ్చు. వాడిన టిప్పులు వేసే డబ్బా పొడుగ్గా ఉంటే ప్రతిసారీ చెయ్యి పైకెత్తాలి, భుజం పట్టేస్తుంది. పొట్టి డబ్బా పెట్టుకుంటే సరి, పైసా ఖర్చు లేదు. పిస్టన్ బిగుసుకుంటే శుభ్రం చేయించండి. మధ్య మధ్య చేతికి కాస్త విశ్రాంతి ఇవ్వండి.

ఇక సూది. వాడిన సూదికి రెండు చేతులతో మళ్లీ మూత పెట్టబోయి గుచ్చుకునేవారు ఎందరో. దాన్ని అజాగ్రత్త అనేస్తారు. నేను ఒప్పుకోను. సూదులు వేసే డబ్బా గది అవతలి మూలన ఉంటే, అక్కడిదాకా పట్టుకెళ్లడానికే కదా మూత పెడతారు! రక్తం తీసేచోట చేతికి అందేలా డబ్బా ఉండాలి. ముప్పాతిక నిండగానే మార్చాలి. అది తెల్లని, సూది గుచ్చుకుపోని డబ్బా అయి ఉండాలని 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి.

గుచ్చుకుంటే వేలిని పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే పైవారికి చెప్పండి. తిడతారని దాచవద్దు. హెచ్.ఐ.వి. అనుమానం ఉంటే మందు రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటకూడదు. మొత్తం 28 రోజులు వాడాలి.

అందరూ హెచ్.ఐ.వి.కే భయపడతారు. హెచ్.ఐ.వి. ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్-బి అయితే, టీకా లేనివారికి నూటికి ఆరు నుంచి ముప్పై దాకా! అదృష్టవశాత్తూ దానికి టీకా ఉంది: మొదటిది ఈ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో. ఆ తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, పది యూనిట్లు దాటిందో లేదో చూసుకోండి.

సిబ్బందికి ఈ టీకా వేయించే బాధ్యత ఆ నియమాల ప్రకారం సంస్థదే. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంతోపాటు ఇదీ అడగండి. ట్రైనీలకు వేయించమని ఎవరైనా అంటే మీరే వేయించుకోండి. తల్లిదండ్రులకు నా మనవి: ఈ రోజు అందిన వేతనంలో మొదటి ఖర్చు ఆ టీకాకే కావాలి. శిక్షణకు వెళ్లడానికి ఇంకా ఆరు నెలలు ఉన్నవారు ఈ వారమే మొదటి డోసు వేయించుకుంటే, రక్తం ముట్టేనాటికి మూడూ పూర్తవుతాయి.