బండికి వేడి ఆపే పొర వేద్దాం, తుప్పుకు చోటివ్వొద్దు



మనలో చాలామంది నలుగురైదుగురు కలిసి చిన్న బండి కొనుక్కుని కూరగాయలు, పూలు మార్కెట్‌కు తోలుకుంటున్నాం. ఎండకు రేకు డబ్బా కాలితే ఆకుకూర వాడిపోతుంది. వాడిందని వ్యాపారి ధర కోస్తాడు. అందుకే లోపల వేడి ఆపే పొర వేయిస్తున్నాం. మంచిదే. కానీ ఏ పొర వేస్తున్నామో చూసుకోకపోతే, కిస్తీలు తీరకముందే రేకుకు చిల్లులు పడతాయి.

కోసిన కూరగాయ కూడా ఊపిరి తీస్తుంది, ఆవిరి వదులుతుంది. రాత్రి ప్రయాణంలో బయటి రేకు చల్లబడుతుంది. ఆవిరి పొర సందుల్లోంచి దూరి, చల్లటి చెంబుకు చెమ్మ పట్టినట్టు రేకుకు పడుతుంది. పొర వెనుక గాలి ఆడదు, తడి ఆరదు. తుప్పు అక్కడే మొదలవుతుంది.

గాజు దూది, స్పాంజి, గోనె పట్టాలు నీళ్లు పీల్చుకుని రేకుకు తడిగుడ్డలా అంటుకుని ఉంటాయి. అవి వద్దు. థర్మాకోల్ చవకే కానీ, గుళికల సందుల్లోకి చెమ్మ మెల్లగా చేరుతుంది. కొన్ని రబ్బరు గమ్ములు తగిలితే కరిగిపోతుంది కూడా. నీళ్లు సులువుగా పీల్చని పఫ్ షీటు, ఎక్స్‌పీఎస్ షీటు, నైట్రైల్ రబ్బరు షీటు మేలు.

షీటు ఒక్కటే చాలదు. ముందు వెల్డింగ్ పనంతా ముగించాలి, ఎందుకంటే ఈ షీట్లు నిప్పుకు అంటుకుంటాయి. తుప్పు గీకి, ప్రైమర్, పెయింట్ వేసి బాగా ఆరనివ్వాలి. షీటు రేకుకు సందు లేకుండా అంటాలి, అతుకులు టేపుతో మూయాలి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఇనుమును తింటుంది. న్యూట్రల్ రకం అడగాలి. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయనివ్వొద్దు.

తిరుగు ప్రయాణంలో పొటాష్ బస్తాలు వేసుకొస్తాం. అది ఉప్పు జాతి, చెమ్మతో కలిస్తే ఇనుమును కొరుకుతుంది. దింపగానే కడిగి, తలుపులు తీసి ఆరబెట్టాలి.

షెడ్డులో పనిచేసే కార్మికుడూ మనలాంటివాడే. ఏ సరుకు వేయాలో అతను నిర్ణయించడు, డబ్బు కట్టే మనం అడగాలి. షీటు పేరు, మందం, పెయింట్ ఎన్ని కోట్లో బిల్లు మీద రాయించుకుందాం. షీటు అంటించే ముందు రేకును మన కళ్లతో చూద్దాం. ఒక్కొక్కరం పోతే బేరం వాళ్లది, పది బండ్లకు కలిసి పోతే బేరం మనది.