పెళ్ళి చేస్తే దారికొస్తాడా?

(నెల్లూరు తీరప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



‘అవర్ ఫ్లాగ్ మీన్స్ డెత్’ 2022లో అమెరికాలో వచ్చిన హాస్య సీరియల్. అందులో ప్రేమించుకునే స్టీడ్ బోనెట్, బ్లాక్‌బియర్డ్ నిజంగా ఉన్న ఓడ దొంగలే. ఇద్దరూ 1718లో చనిపోయారు. ప్రేమ మాత్రం కల్పన. ఎన్ని నవ్వులున్నా ఆ ప్రేమను ఎక్కడా ఎగతాళి చేయరు. నాకది నచ్చింది.

అంతకన్నా నచ్చింది బోనెట్ భార్య మేరీ. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ఇద్దరూ మగ్గిపోయారు. అతను చెప్పకుండా ఓడెక్కాక ఆమె బొమ్మలు గీసుకుంటూ తన బతుకు తాను కట్టుకుంది. అతను తిరిగొచ్చి, తాను ప్రేమించింది ఒక మగవాణ్ణని చెబితే సంతోషించి సాగనంపింది.

మన ఊళ్ళలో “పెళ్ళి చేస్తే వాడే దారికొస్తాడు” అంటారు. ఆ మాటకు వాడితోపాటు ఏమీ తెలియని ఆడపిల్లా బలవుతుంది. ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్లనైతే అసలు ఎవరూ అడగరు. 2018లో సుప్రీంకోర్టు వయసొచ్చినవారి ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది. 2023లో వారి పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది.

1992లో నెల్లూరు ఆడవాళ్ళు సారాను ఇంటి గొడవగా వదిలేయలేదు, వీధిలోకి తెచ్చి పోరాడారు. ఇదీ ఇంటి గొడవ కాదు. మన దగ్గరకొచ్చిన భార్యకు “సర్దుకుపో” అని చెప్పేముందు, ఆ పెళ్ళి ఎవరి ఇష్టంతో జరిగిందో అడుగుదాం.