ఆసుపత్రికి చేరేలోపు



నేను డాక్టరును కాను. ముప్పయ్యయిదేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. అయితే మా ఆవిడకు పాతికేళ్ళుగా ఉబ్బసం. డాక్టర్లు చెప్పగా నేర్చుకున్నదే మీకు మనవి చేస్తాను. ఉబ్బసం తీవ్రంగా వచ్చినప్పుడు ఆసుపత్రికి చేరేలోపు గడిచే నిమిషాలు ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటాయి.

మొదటిది, గుర్తుపట్టడం. ఫైలుకు అర్జంటని ఎర్రచీటీ కడితే మనం దాన్ని రేపటికి ఉంచేవాళ్ళం కాదు. ఉబ్బసానికి ఎర్రచీటీ మాట. "కాసిని మంచినీళ్ళు ఇవ్వండి" అనే చిన్న వాక్యం ఒక్క గుక్కలో చెప్పలేకపోతే అది తీవ్రమే. పెదవులు నీలంగా మారడం, మగత కమ్మడం ఇంకా ప్రమాదం. పిల్లికూతలు ఆగిపోయి, ఆయాసం మాత్రం అలాగే ఉంటే తగ్గిందని సంతోషించకండి. లోపల గాలి ఆడడమే లేదన్నమాట. వేలికి పెట్టే ఆక్సీమీటరు 92 కంటె తక్కువ చూపితే ప్రాణాపాయం. అంకె బాగున్నా మనిషి బాగా లేకపోతే మనిషినే నమ్మండి.

రెండవది, ఫోను. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉచితంగా ఉంది. "ఉబ్బసం రోగి, ఊపిరాడడం లేదు" అని ముందు చెప్పి, తర్వాత చిరునామా, దగ్గరి గుర్తు చెప్పండి. ఒకరు వీధి మొగలో నిలబడాలి. స్కూటరు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. అంబులెన్సులోనైతే దారిలోనే ఆక్సిజను అందుతుంది.

మూడవది, మందు. రోగిని పడుకోబెట్టకండి. నిటారుగా, కొంచెం ముందుకు వాలి కూర్చోబెట్టండి. డాక్టరు వేరేగా రాసివ్వకపోతే, సాల్‌బ్యుటమాల్ ఇన్హేలరును బాగా కుదిపి, స్పేసరుకు తగిలించి, 30 నుంచి 60 సెకన్లకు ఒక పఫ్ చొప్పున 10 వరకు ఇవ్వవచ్చు. పొడి మందు గొట్టాల్లో వాడేవారు ఒకటి గమనించాలి. ఆ పొడిని లాగడానికి గట్టి ఊపిరి కావాలి, అప్పుడు లేనిదే అది. అందుకే స్పేసరుతో వాడే ఇన్హేలరు కూడా ఇంట్లో ఉండాలా అని మీ డాక్టరును అడగండి.

నిద్రమాత్ర ఇవ్వకండి. బలవంతాన నీళ్ళు, కాఫీ పట్టకండి. చుట్టూ మూగకండి. మృగశిర కార్తెకు చేపప్రసాదం తీసుకోవడం ఎవరి నమ్మకం వారిది. ఆయాసం ముదిరిన గంటలో మాత్రం ఇన్హేలరు, 108 తప్ప వేరే దారి లేదు.

2019లో భోగి తెల్లవారుజామున మంటల పొగకు మా ఆవిడకు ఇలాగే వచ్చింది. "ఏమండీ" అన్న ఒక్క మాట వచ్చింది, రెండో మాట రాలేదు. నేను ఫోను చేశాను. కోడలు పఫ్‌లు ఇచ్చింది. మనవడు వీధి చివరకు పరిగెత్తాడు. అంబులెన్సులో ఆక్సిజను పెట్టి, నెబ్యులైజరుతో మందు ఇచ్చారు. ఆసుపత్రి గేటు దాటుతుండగా ఆవిడ అన్న మొదటి పూర్తి వాక్యం, "గ్యాసు కట్టేశారా?" ఆ వాక్యం విన్నాక నా ఊపిరి కూడా ఆడింది.

మన వయసులో ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు. గుండె జబ్బుకూ ఆయాసం వస్తుంది. ఛాతీనొప్పి, చెమటలు ఉంటే ఆ సంగతి ఫోనులోనే చెప్పండి. బి.పి.కి వాడే కొన్ని మాత్రలు, కొందరికి ఆస్పిరిను ఉబ్బసాన్ని రేపుతాయి. కొత్త మందు రాసే ప్రతి డాక్టరుకూ మీ ఉబ్బసం సంగతి చెప్పండి. రోజూ వాడవలసిన నివారణ ఇన్హేలరును బాగుందని మీ అంతట మీరు మానకండి.

చివరగా ఒక విన్నపం. ఈ రాత్రే ఒక కాగితంపై 108, మీ చిరునామా, మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఇన్హేలరు గడువు తేదీ చూడండి. అది ఎక్కడుందో, ఎలా వాడాలో ఇంటిల్లిపాదికీ చూపించండి. పెన్షను కాగితాలు జాగ్రత్త పెట్టుకునే మనకు ఇదేమంత కష్టం కాదు.